దూరం నుంచి కనిపించే రంగు

మార్కాపురం,
జూన్ 21.

ప్రియమైన రోజీకి,

వదిన వందనాలు. ఇక్కడ నేను, మీ అన్న క్షేమం. కూనూరులో నువ్వూ, నీ హాస్టలు పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. మా ఫోను నీళ్ల తొట్టిలో పడి పాడైపోయింది. అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లు రిజిస్టర్లు రాసిన చెయ్యి నాది. నిరుడు ఉద్యోగం మానేశాక కలం పట్టే పనే లేకుండా పోయింది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నీతో చిన్న పని పడింది. మీ అన్నకు వానలో వేసుకోవడానికి ఒక జాకెట్ కావాలి.

ఒంగోలు డాక్టరు ఆయన మతిమరుపుకు మందులు రాసి, "నడక మాత్రం మాన్పించొద్దమ్మా. మెల్లగా, ఎవరో ఒకరి తోడుతో రోజూ నడవాలి. నడిస్తే మనిషి నెమ్మదిగా ఉంటాడు" అని చెప్పాడు. ఎండాకాలమంతా పొద్దు పొడవకముందే వెళ్లి వచ్చేవాళ్లం. ఇప్పుడు చినుకులు మొదలయ్యాయి. మొన్న ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడిగి తీసుకెళ్లాను. సగం దూరం పోయామో లేదో "ఉడికిపోతుండా, ఊపిరాడడంల్యా" అని దాన్ని చింపి కాలవలో పారేశాడు. లోపల చొక్కా పిండితే నీళ్లు కారాయి. అంతా చెమటే.

బజారులో అడిగాను. జాకెట్ అనగానే షాపాయన బ్లౌజు పీసులు తీసి పరిచాడు. కాదయ్యా, మగవాళ్లకు, వానకు అంటే మోటారుసైకిలు వాళ్లు తొడుక్కునే సూటు చూపించాడు. అది మళ్లీ ప్లాస్టిక్కే. "మనూర్లో వాన పడేదే నాలుగు దినాలు గదమ్మా, దానికి ఇంత యవ్వారమెందుకు?" అన్నాడు.

నువ్వు ఆ కొండల్లో ఏడాదిలో సగం రోజులు వానలో ఉండే మనిషివి. బయటి వాన లోపలికి రాకుండా, లోపలి చెమట బయటికి పోయేలా జాకెట్లు ఉంటాయని టీవీలో చూశాను. నిజమేనా? కొండలెక్కేవాళ్లది మాకు అక్కర్లేదు. పొద్దున ఒక కిలోమీటరు, సాయంత్రం ఒక కిలోమీటరు, మాట్లాడుకుంటూ నడిచే నడక మాది. రాతి పలకలు కోసే షెడ్ల దగ్గర టీ కొట్టు నడిపే శ్రీశైలమ్మ మమ్మల్ని చూసి "కొత్త పెండ్లికొడుకు, పెండ్లికూతురు వచ్చినారు" అని నవ్వుతుంది.

తొందరేమీ లేదు. వీలు చూసుకుని రాయి. ఇబ్బంది పెడుతున్నాననిపిస్తే క్షమించు.

మీ వదిన,
స్వర్ణలత


కూనూరు,
జూలై 3.

వదినా,

నీ చేతిరాత చూసి పదేళ్లయింది. కవరు మీద చూడగానే భయపడ్డాను, ఏం కబురో అని. జాకెట్ కోసమని చదివాక గట్టిగా నవ్వాను. పక్క గదిలోంచి టీచర్లు వచ్చి చూశారు.

నువ్వు విన్నది నిజమే. అలాంటివి ఉన్నాయి. కానీ అంగట్లో ప్రతివాడూ ప్రతిదాన్నీ అదేనంటాడు. చాలావాటికి పైన మందు పూసి ఉంటుంది, అంతే. చినుకులకు ఆగుతాయి, అరగంట వానకు భుజాల దగ్గర తడిసిపోతాయి. మనకు కావలసినదానికి గుడ్డ లోపల పల్చటి పొర ఒకటి అతికించి ఉంటుంది. ఆవిరి దాటుతుంది, నీటిచుక్క దాటదు. అది ఉందో లేదో నేనెట్లా చూస్తానంటే, మగ్గులో వేడినీళ్లు పోసి గుడ్డను దాని మీద పరిచి, పైన గాజు గ్లాసు బోర్లిస్తాను. కాసేపటికి గ్లాసు లోపల మసక కమ్మితే ఆ గుడ్డకు గాలి ఆడుతుందన్నమాట. అంగడివాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

తర్వాత తిరగేసి కుట్లు చూడాలి. ప్రతి కుట్టు మీదా పట్టీ అతికించి ఉండాలి. సూది పడ్డ ప్రతిచోటా నీళ్లు దిగుతాయి కదా. చంకల కింద తెరుచుకునే జిప్పులు ఉంటే మీ ఊరి ఉక్కకు మంచిది. టోపీ మెడ దగ్గర బిగించుకునేలా ఉండాలి, కళ్ల మీదికి జారకూడదు. మందంగా ఉన్నది గొప్పదని మాత్రం అనుకోకు. మెల్లగా నడిచేవాళ్లకు పల్చటిదే సుఖం.

ఇక నాకు కొన్ని సంగతులు కావాలి. అన్న ఛాతీ కొలత, చేతి పొడవు. జిప్పు తనే వేసుకోగలడా, లేక ఒత్తుకునే బొత్తాలు ఉండాలా? వానలో ఒక్కసారిగా ఎంతసేపు ఉంటారు? రంగు ఏది ఇష్టం? నేనైతే లేత బూడిదరంగు అనుకుంటున్నాను, ఎండ కాసినా వేడెక్కదు.

అన్న ఎలా ఉన్నాడు? నా పేరు ఎప్పుడైనా ఎత్తుతాడా? వచ్చి చూడాలనే ఉంది. ఈ ఏడు కూడా సెలవు దొరికేలా లేదు.

రోజీ


మార్కాపురం,
జూలై 19.

రోజీకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. కుట్ల మీద పట్టీ సంగతి శ్రీశైలమ్మకు కూడా చెప్పాను.

ఛాతీ నలభై అంగుళాలు. చేతి పొడవు ఇరవై నాలుగు. కొలుస్తుంటే "నాకు కోటు కుట్టిస్తుండావా, యాడికి పంపీడానికి?" అని అడిగాడు. వానకని చెప్పాను. నమ్మలేదు.

జిప్పు తనే వేసుకుంటాడా అని అడిగావు. వేసుకోలేడు. చొక్కా బొత్తాలు కూడా ఈ ఉగాది నుంచి నేనే పెడుతున్నాను. కాబట్టి ఏదైనా ఒకటే. కాకపోతే తనంతట తను విప్పుకోవడం కష్టంగా ఉంటే మేలు.

ఎంతసేపు ఉంటారని అడిగావు. కిలోమీటరని రాశాను. అది డాక్టరు చెప్పిన లెక్క. మీ అన్న లెక్క వేరు. ఆయన ఎంత దూరం పోతే నేను అంత దూరం పోతాను. ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేసిన పలకల షెడ్డుకు పోతాడు. అది మూతపడి నాలుగేళ్లయింది. తలుపు ముందు నిలబడి "లోడు పోవాల, ఇంకా తాళం తీయల్యా?" అని నా మీద కేకలేస్తాడు. ఒక్కోరోజు అక్కడినుంచి ఇంకో దారి పడతాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు. వెనకే నడుస్తాను. మొన్న నాలుగు గంటలు నడిచాం.

ఫోను తొట్టిలో పడిందని రాశాను కదా. పడలేదు. ఆయనే వేశాడు. నేను ఎవరితో మాట్లాడినా తనను ఎక్కడికో పంపేయడానికే అనుకుంటాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటసేపు నిద్రపోతాడు. ఇవన్నీ ఆ గంటలో రాస్తున్నవే.

రంగు విషయం. బూడిదరంగు వద్దమ్మా. దూరం నుంచి కనిపించే రంగు చూడు.

నీ పేరు ఎత్తుతాడా అన్నావు. ఎత్తలేదని రాయడానికి మనసు రావడం లేదు.

వదిన


కూనూరు,
ఆగస్టు 6.

వదినా,

జాకెట్ రిజిస్టర్డ్ పార్సిలులో పంపాను. మూడు అంగళ్లు తిరిగాను. మొదటి చోట వేడినీళ్లు అడిగితే టీ తెచ్చిచ్చారు, దాంతోనే పరీక్ష చేశాను. రెండో చోట గుడ్డ బాగుంది, కుట్లకు పట్టీ సగమే ఉంది. మూడో చోట దొరికింది. నారింజ రంగు. రోడ్లు వేసేవాళ్లు తొడుక్కునే రంగు లాంటిది. తీసుకున్న రోజు సాయంత్రం నేనే వేసుకుని, మార్కెట్ నుంచి హాస్టలు దాకా కుండపోతలో నడిచాను. లోపల చీర మడత నలగలేదు, తడవలేదు. చంకల జిప్పు తెరిస్తే గాలి తెలుస్తుంది. జిప్పు మీద ఒక పట్టీ, దాని మీద బొత్తాలు. విప్పుకోవడం కొంచెం కష్టమే.

దూరం నుంచి కనిపించే రంగు ఎందుకో నువ్వు రాయలేదు. నేను అడగకపోయినా అర్థమైంది. నువ్వు ఒక్కదానివి ఎంత దూరమని వెనక పోతావు? లారీలు తిరిగే రోడ్డు అది. వాన ఎక్కువగా ఉన్న రోజు బయటికి పంపకు. తలుపుకు తాళం వెయ్యి. ఒకరోజు నడవకపోతే ఏమీ కాదు.

రోజీ


మార్కాపురం,
సెప్టెంబరు 2.

రోజీకి,

జాకెట్ అందింది. ఈ ఒక్క సంగతి సంతోషంగా రాయనివ్వు.

పోయిన గురువారం పొద్దున నుంచి ముసురు. తొడిగాను. గొణుగుతాడనుకున్నాను, గొణగలేదు. గోడకున్న అద్దంలో చూసుకుని "నేనేనా?" అన్నాడు. రోడ్డు మీద వాన పెద్దదైంది. చుక్కలు భుజాల మీద పడి గింజల్లా దొర్లిపోతుంటే, నిలబడి వాటినే చూశాడు. వేలితో ఒక్కొక్కదాన్నీ తోశాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. శ్రీశైలమ్మ "అన్నా, ఇంజనీరు మాదిరుండావే!" అంది. ఇంటికొచ్చి విప్పితే చొక్కా పొడిగా ఉంది. నేను మాత్రం గొడుగు తిరగబడి పూర్తిగా తడిశాను. నాకూ ఒకటి తెప్పించుకోవలసిందని అప్పుడు తోచింది. మరుక్షణం, నాకెందుకులే అనిపించింది.

ఇక నువ్వు రాసిన రెండో మాట.

రోజీ, నువ్వు చెప్పకముందే నేను తాళం కొన్నాను. ఏప్రిల్‌లో. ఆ నెల ఆయన నాకు తెలియకుండా యర్రగొండపాలెం బస్సెక్కి వెళ్లిపోయాడు. కండక్టరు ఆయన జేబులో నేను పెట్టిన అడ్రసు చీటీ చూసి దింపి, తిరుగు బస్సులో కూర్చోబెట్టాడు. ఆ రోజే కొన్నాను. వీధి తలుపుకు లోపలి నుంచి గొలుసు వేసి తాళం వేస్తాను. తాళంచెవి నా కొంగుకు ఉంటుంది. నడకకు పోయే రెండు పూటలు తప్ప రోజంతా మేమిద్దరం లోపలే. ఆయన తలుపు దగ్గర నిలబడి గొలుసు లాగుతుంటాడు. మొదట్లో అరిచేవాడు. ఇప్పుడు మెల్లగా, మర్యాదగా, కొత్త మనిషిని అడిగినట్టు "ఏమ్మా, కొంచెం తలుపు తీస్తావా, మా ఇంటికి పోవాల" అంటాడు. అది వినలేక వంటింట్లోకి పోతాను.

ఉప్పు కావాలన్నా కిటికీలోంచి పక్కింటావిడను పిలవాలి. మొన్న మా చిన్నమ్మ కూతురు పెళ్లికి కంభం పోలేదు. చర్చికి పోయి ఐదు నెలలైంది. ఎవరైనా వచ్చి తలుపు తడితే, తాళం తీసేలోపు వాళ్ల ముఖాలు మారిపోతాయి. అందుకని ఎవరూ రావడం లేదు. చెవి నా దగ్గరే ఉంది, కానీ నేనూ ఎక్కడికీ పోలేను. నిన్న స్నానం చేసి వస్తూ అనుకున్నాను, ఈయన పోతే తప్ప నాకు వీధి లేదు అని. ఆ మాట అనుకున్నందుకు మోకాళ్లూని ఏడ్చాను.

ఈ కాగితం చదివి చించెయ్యి.

స్వర్ణలత


కూనూరు,
సెప్టెంబరు 17.

వదినా,

చించలేదు. బైబిల్లో పెట్టుకున్నాను.

నేను సెలవు దొరకదని రాస్తూ వచ్చాను. నాకు సెలవులున్నాయి. ప్రతి డిసెంబరులో హాస్టలు ఖాళీ అయిపోతుంది, నేను ఒక్కదాన్నే రెండు నెలలు ఖాళీ గదులకు కాపలా ఉంటాను. ఎందుకు రానో ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మ జ్వరంతో పోయిందని నీకు చెప్పి ఉంటారు. జ్వరం కాదు. అమ్మకు కూడా ఇదే జబ్బు. అప్పుడు దానికి పేరు తెలియదు, పిచ్చి అనేవాళ్లు. గిద్దలూరు దగ్గర మా ఊళ్లో నాయన కూలికి పోయేవాడు, అన్న మార్కాపురంలో పలకల పనికి చేరాడు. ఇంట్లో నేను, అమ్మ. నాకు పదిహేడేళ్లు. అమ్మ చీర సరిగా లేకుండా వీధిలోకి పోతుంటే నాకు సిగ్గుగా ఉండేది. వెనక గదిలో పెట్టి తాళం వేసేదాన్ని. అడిగినవాళ్లకు నంద్యాలలో మేనమామ ఇంటికి పోయిందని చెప్పేదాన్ని. అన్న ఆదివారం వచ్చేవాడు. సంచి గుమ్మంలో పడేసి ముందు ఆ తాళం తీసేవాడు. అమ్మ చెయ్యి పట్టుకుని చేల గట్ల మీద సాయంత్రం దాకా తిప్పేవాడు. నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. "రోజీ, ఈ వారం కొంచెంసేపన్నా తీయమ్మా" అనేవాడు. సరేననేదాన్ని. తీసేదాన్ని కాదు.

క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్న రోజులవి. ఒక బుధవారం తాళం వేసి చర్చికి పోయాను. రెండు గంటలు. తిరిగొచ్చి తాళం తీసి తలుపు తోస్తే తెరుచుకోలేదు. అమ్మ తలుపుకు ఆనుకుని పడి ఉంది. ఎంతసేపు కొట్టిందో తెలియదు.

నెల తిరక్కుండా మిషను వాళ్లతో ఇంత దూరం వచ్చేశాను. అన్నకు జబ్బు అని నువ్వు మొదట చెప్పినప్పుడు నేను ముందు ఆలోచించింది అన్న గురించి కాదు. నాకూ వస్తుందని. నన్ను ఎవరు ఏ గదిలో పెడతారని.

అలాంటిదాన్ని, తాళం వెయ్యమని నీకు రాశాను. చెయ్యి ఎట్లా ఆడిందో. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను తప్పుపట్టడానికి మాత్రం ఇది రాయడం లేదు. నువ్వు లోపల ఆయనతోపాటు ఉన్నావు. నేను బయటి నుంచి వేశాను.

రోజీ


మార్కాపురం,
నవంబరు 4.

రోజీ,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఉంది. ముందే చెబుతున్నాను, అన్న బతికే ఉన్నాడు. చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజే గొలుసు తీసేశాను. గడియ ఒక్కటే. తలుపు వారగా ఉంటే ఆయన గడపలో కుర్చీ వేసుకుని వీధిని చూస్తూ కూర్చునేవాడు. పోయేవాడు కాదు. తలుపు తెరిచి ఉంటే పోవాలన్న తహతహ తగ్గుతుందని నాకు అంతవరకూ తెలియలేదు. నెలరోజులు ఇల్లు ఇల్లులా ఉంది.

పోయిన నెల ఇరవై దాటాక వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెగని వాన. నాకు చలిజ్వరం. మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకున్నాను. లేచేసరికి కుర్చీ ఖాళీ. జాకెట్ కొక్కేనికే ఉంది. తనంతట తను తొడుక్కోలేడు కదా, ఉత్త చొక్కాతో పోయాడు.

దాన్ని నేను తొడుక్కుని బయట పడ్డాను. మోకాళ్ల దాకా దిగింది. షెడ్డు దగ్గరికి పరుగెత్తాను. లేడు. శ్రీశైలమ్మ పొయ్యి ఆర్పి, కొట్టు అట్లాగే వదిలేసి, ఆటో ఆపి నన్ను ఎక్కించి తనూ ఎక్కింది. చర్చి దగ్గర లేడు. రైల్వే గేటు దగ్గర లేడు. వాగు పొంగి రోడ్డెక్కిందని ఎవరో అంటే ఆటో అబ్బాయిని ఇంకా తొందరపెట్టాను. చివరికి బస్టాండు. గిద్దలూరు బస్సు ఆగే చోట, రేకుల కింద కూడా కాదు, వానలోనే నిలబడి ఉన్నాడు.

కండక్టరు నన్ను చూసి, "మీ ఆయనా అమ్మా? రెండు బస్సులు పోయినాయి. ఎక్కు పెద్దాయనా అంటే ఎక్కడు. మా చెల్లెలు రావాల, ఆ యమ్మ కాడ తాళంచెవి ఉండాది అంటాడు" అన్నాడు.

నేను దగ్గరికి పోయాను. టోపీ ముఖం మీదికి ఉంది. మీ అన్న నన్ను చూసి "రోజీ, అమ్మకు తాళం తీసినావా?" అన్నాడు.

నువ్వే చెబుతున్నట్టు, "తీసినా అన్నా" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "చిన్నపిల్లవి, ఒక్కదానివే చేస్తుండావు. నువ్వు పోయి కాసేపు తిరిగిరా పో. నేనుండా గదా ఈడ" అన్నాడు.

రోజీ, అది నీకు చెప్పిన మాట. ఉన్నదున్నట్టు రాశాను. కానీ విన్నది నేను. రెండేళ్లలో నాకు ఆ మాట ఇంకెవరూ చెప్పలేదు. బస్టాండులో అందరూ చూస్తుండగా, వానలో, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు ఇంటికి వచ్చాం. చాలా చిక్కిపోయాడు. గుమ్మం దాకా నడిచి అలిసిపోతున్నాడు. తాళం మాట వెనక్కి తీసుకుని రాసినందుకు ఇలా అయిందని నువ్వు అనుకుంటావని తెలుసు. అనుకోకు. గొలుసు వేసి ఉండి, నేను జ్వరంతో పడుకుని ఉండి, ఆయన ఆ తలుపు దగ్గర నిలబడి ఉంటే? నేను అది ఆలోచించాను. గొలుసు మళ్లీ వేయలేదు.

స్వర్ణలత


కూనూరు,
నవంబరు 13.

వదినా,

డిసెంబరు ఆరున హాస్టలు మూస్తారు. ఎనిమిదో తారీకు గుంటూరు నుంచి వచ్చే రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగుతాను. మళ్లీ హాస్టలు తెరిచేదాకా నాకు పనిలేదు. నాలుగు రోజులు మనం ముగ్గురం ఉందాం. ఆయనకు ఏ పూట ఏది కావాలో చూపించు. తర్వాత నువ్వు బయల్దేరి ఇక్కడికి రా. నా గది తాళం పక్క గది టీచరు దగ్గర ఇచ్చి వస్తాను. కాదనకు. అన్న నన్ను పొమ్మన్నది నలభై ఏళ్ల కింద పోవలసిన నడకకు. నేను పారిపోయాను గానీ తిరిగి రాలేదు. ఇప్పుడు వస్తున్నాను.

ఇంతకు మించి రాయలేను.

రోజీ


మార్కాపురం,
డిసెంబరు 20.

వదినా,

నువ్వు అక్కడ, నేను ఇక్కడ. కవరు మీద నా గది చిరునామాకే నీ పేరు రాస్తుంటే వింతగా ఉంది. శ్రీశైలమ్మ ఫోనులో నువ్వు చేరావని విన్నాను. ఫోనులో బాగున్నావా అంటే బాగున్నా అంటావు. అందుకని ఇది.

అన్న నన్ను ఇంకా గుర్తుపట్టలేదు. నువ్వున్నప్పటిలాగే టీచరమ్మ అనే పిలుస్తున్నాడు. కుర్చీ వేస్తాడు. వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పోస్తాడు. నేను ఏడిస్తే "ఎవరన్నా పోయినారా?" అని అడుగుతాడు. ఇప్పుడు పక్క వీధి మలుపు దాకా నడుస్తున్నాం, చినుకు పడితే ఆ నారింజ జాకెట్‌తో. రోడ్డు దాటేటప్పుడు ఆయనే నా చెయ్యి పట్టుకుంటాడు.

నీకు అబద్ధం రాయను. నువ్వు పోయిన మూడో రోజు మధ్యాహ్నం ఆయన పదిహేనోసారి "మా ఇంటికి పోవాల" అన్నప్పుడు నేను ఆ గొలుసు కోసం ఇల్లంతా వెతికాను. నువ్వు ఎక్కడ పెట్టావో దొరకలేదు. దొరికి ఉంటే వేసేదాన్ని. వెనక గది గడపలో పోయి కూర్చున్నాను. నువ్వు రెండేళ్లు ఎట్లా ఉన్నావు వదినా? నాకు పది రోజులకే గోడలు దగ్గరికి వచ్చేస్తున్నాయి.

స్టీఫెన్ పాస్టరు గారిని నేనే పోయి అడిగాను. మంగళ, శుక్రవారాలు సాయంత్రం చర్చి నుంచి ఇద్దరు వచ్చి ఆయనతో నడుస్తున్నారు. ఎవరూ అడగనందుకే ఇన్నాళ్లూ రాలేదట.

నువ్వు అక్కడ ఏం చేస్తున్నావో రాయి. బాగున్నా అని రాయకు.

రోజీ


కూనూరు,
డిసెంబరు 29.

రోజీ,

బాగున్నా అని రాయను.

వచ్చిన మొదటి రెండు రోజులు నీ గదిలోంచి బయటికి రాలేదు. తలుపు తెరిచే ఉంది. ఎవరూ ఆపలేదు. ఒక్కదాన్ని ఎటు పోవాలో, ఎంత దూరం పోవాలో తెలియలేదు. ముందు ఎవరైనా నడుస్తుంటే వెనక పోవడం తెలుసు గానీ, ముందు ఎవరూ లేని దారి నాకు అలవాటు తప్పింది. మూడో రోజు గేటు దాకా పోయి వచ్చాను.

నాలుగో రోజు నువ్వు చెప్పిన మూడో అంగడికి పోయాను. వేడినీళ్లు అడిగాను. అంగడివాడు అరవంలో ఏదో గొణిగాడు, నేను మాత్రం గ్లాసు మసక కమ్మేదాకా కదల్లేదు. కుట్లన్నీ వేలితో తడిమి చూశాను. భుజాల దగ్గర ఒకటి బిగుతైంది, ఇంకోదానికి టోపీ కళ్ల మీద పడింది. నాలుగోది సరిపోయింది. అతను నారింజ రంగుది కూడా తెచ్చి చూపించాడు. వద్దన్నాను. ఆకుపచ్చలో ముదురుది తీసుకున్నాను, తేయాకు చెట్ల మధ్య నిలబడితే మనిషి ఉన్నట్టే తెలియనిది. నేను ఎవరికీ కనపడనక్కర్లేదు, కొన్నాళ్లు.

అప్పటి నుంచి రోజూ నడుస్తున్నాను. మంచు, సన్నటి తుంపర. ఎంత నెమ్మదిగా నడిచినా అడిగేవాళ్లు లేరు. ముఖం మాత్రమే తడుస్తుంది. పన్నెండో రోజుకు గానీ వెనక్కి తిరిగి చూడడం మానలేదు.

క్రిస్మస్ మర్నాడు బస్టాండుకు పోయాను. చేతిలో సంచి ఉంది. మైసూరు బస్సు నిలబడి ఉంది. అక్కడ నాకెవరూ లేరు. అందుకే ఎక్కాలనిపించింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను కూడా. డ్రైవరు ఎక్కేదాకా కూర్చున్నాను. తర్వాత దిగాను. ప్రేమతో దిగానని రాస్తే నువ్వు సంతోషిస్తావు. కోపంతో దిగాను. నా ఇంటికి నేను పోవడానికి భయపడి ఊరుగాని ఊరికి ఎందుకు పోవాలి అని. ఆయన జబ్బు పడ్డాడు, నేను ఎందుకు దాక్కోవాలి అని.

కాబట్టి విను. నేను వస్తున్నాను. కానీ విడిచి వచ్చినదాంట్లోకి రావడం లేదు. ప్రతి డిసెంబరూ, ప్రతి వేసవి సెలవులూ నువ్వు అక్కడ ఉంటావు, నేను ఎక్కడికైనా పోతాను. చర్చివాళ్లు మంగళ, శుక్రవారాలు మానకూడదు. ఆ రెండు సాయంత్రాలు నేను అంగన్‌వాడీ వీధిలో ఐదుగురు పిల్లలకు చదువు చెబుతాను. నీకు భయంగా ఉందని రాశావు, రేపు నీకే వస్తే అని. వస్తే మార్కాపురం రా. తాళం లేని ఇల్లు ఒకటి ఉంటుంది. ఇవి అడగడం లేదమ్మా, చెబుతున్నాను.

జనవరి ఏడు, మంగళవారం పొద్దున రైలుకు దిగుతాను. వీలైతే మీ అన్నను స్టేషనుకు తీసుకురా. ఎవరో చుట్టాలు వస్తున్నారు, ఎదురుపోదాం అని చెప్పు. ఎవరని అడగడు. చుట్టాలను ఎదురుపోయి తెచ్చుకోవడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. నేను దిగాక సంచి అందుకోబోతాడు. అందుకోనీ.

స్వర్ణలత